గీత ఉన్న వైపు

మొన్న మంగళవారం పొద్దున మమత ఫోన్ చేసింది. "సార్ ఇగ లేడు మేడం" అంది. తర్వాత తనే తేరుకుని, ఆదివారం మధ్యాహ్నం, సార్ పాఠాలు చెప్పిన అమీర్‌పేట గదిలోనే పాత విద్యార్థులందరం కలుస్తున్నామనీ, సార్ ఫొటో కింద పెట్టడానికి నాలుగు వాక్యాలు నేనే రాసివ్వాలనీ చెప్పింది. సార్ పాఠాలను పుస్తకంగా రాసిన మేడం ఉండగా ఇంకెవరు రాస్తారట.

నాలుగు వాక్యాలు నాకు పెద్ద పని కాదు. శ్రీనగర్ కాలనీలో ఒక చిన్న గదిలో కూర్చుని, ఇతరుల తెలుగును దిద్ది బతుకుతున్నదాన్ని. శుభలేఖల నుంచి మందుల కరపత్రాల దాకా నా పెన్ను కింద పడనిది లేదని కాస్త పొగరు కూడా ఉంది. కానీ రాయబోతే ఆయన పుట్టిన ఊరేమిటో, ఏం చదువుకున్నారో కూడా నాకు సరిగ్గా తెలియదని అర్థమైంది. నాకు తెలిసినవి ఆయన చేతులు, ఆయన మాటలు, ఆయనతో తిరిగిన నాలుగు వీధులు. పైగా ఆయన గురించి నిజం రాయాలంటే నా గురించి కూడా ఒకటి చెప్పాలి. ఆ ఒకటి నేను ఇన్నేళ్లుగా చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు.

అమీర్‌పేటలో ఏ మేడ చూసినా సాఫ్ట్‌వేర్ కోర్సుల బ్యానర్లే కదా. అలాంటి ఒక మేడ నాలుగో అంతస్తులో ఆయన గది ఉండేది. మూడో అంతస్తు దాకా కీబోర్డుల చప్పుడు, ఆ పైన టంకం వాసన. లిఫ్టులనూ షట్టర్లనూ నడిపే సర్క్యూట్ బోర్డులు, ఇన్వర్టర్లు బాగుచేసేవాళ్లు అక్కడ తయారయ్యేవారు. ఆ మేడకు మాత్రం లిఫ్టు లేదు. ఆ సంగతి మొదటిరోజే ఆయాసపడుతూ అన్నాను. ఆయన నవ్వి, లిఫ్టు ఉంటే పిల్లలు దాన్ని విప్పి చూసేవాళ్లని చెప్పారు.

ఇంటర్ తప్పినవాళ్లు, ఐటీఐ మధ్యలో ఆపేసినవాళ్లు ఆయన దగ్గరికి వచ్చేవారు. ఇంగ్లీషు పుస్తకం చూస్తే వాళ్లకు నిద్ర వచ్చేదట. అందుకని తన పాఠాలను తెలుగులో రాసిపెట్టే మనిషి కావాలని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నాకు ఎలక్ట్రానిక్స్‌లో ఓనమాలు కూడా రావని ముందే చెప్పాను. అందుకు ఆయన మొహం వెలిగింది.

"అందుకే మీరు గావాలె మేడం. మీకు సమజైతేనే రాయున్రి. సమజ్ గాకుంటే నన్ను అడుగున్రి. మీకు తెల్వంది మా పోరలకు సుత తెల్వదు" అన్నారు.

చొక్కా జేబులో దగ్గుబిళ్లల డబ్బా ఒకటి ఉండేది. అందులోంచి బియ్యపు గింజ కంటే కాస్త లావుగా ఉన్న నల్లటి ముక్క ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు. రెండు కొసలా రెండు తీగలు, ఒక కొస దగ్గర తెల్లటి గీత. అదే డయోడ్. కరెంటును ఒకవైపే పోనిస్తుంది, ఎదురు వైపు రానివ్వదు. మీటరు ఎర్ర తీగ ఒక కొసకు, నల్ల తీగ ఇంకో కొసకు ఆనించారు. అంకె వచ్చింది. తీగలు అటూఇటూ మార్చి మళ్లీ ఆనించారు. ఏమీ రాలేదు. కొత్త డబ్బాలోంచి అప్పుడే తీసిన డయోడ్ అయినా సరే, ఇలా రెండు వైపులా చూడకుండా బోర్డు మీద పెట్టేవారు కాదు. "ఒక దిక్కు మాట్లాడాలె, ఒక దిక్కు మూసుకోవాలె. రెండు దిక్కుల మాట్లాడితే చెత్తబుట్టకే" అనేవారు. అలాంటివాటిని బుట్టలో వేసేముందు ఒక్క క్షణం వేళ్ల మధ్య తిప్పి చూసేవారు, ఎలా పోయి ఉంటుందా అని.

అప్పట్లో మెట్రో కొత్తగా తిరుగుతోంది. డయోడ్ పాఠం రాయలేక నేను మూడు కాగితాలు చింపేశానని తెలిసి, నన్ను అమీర్‌పేట స్టేషన్‌కు తీసుకెళ్లారు. రైలెక్కడానికి కాదు, గేట్ల దగ్గర నిలబడి చూడ్డానికి. జనం టోకెన్ ఆనిస్తే రెక్కలు తెరుచుకుంటున్నాయి. లోపలి నుంచి ఎవరైనా పొరపాటున అదే గేటు దగ్గరికొస్తే కదలడం లేదు. ఆ టోకెన్‌లాగే డయోడ్‌కూ చిన్న తోపు కావాలన్నారు. వోల్టులో పదింట ఏడు వంతులు ఉంటే తెరుచుకుంటుంది, అంతకు తక్కువైతే సరైన వైపు నుంచి వచ్చినా తెరుచుకోదు. ఎదురు వైపు నుంచి మరీ గట్టిగా తోస్తే గేటే విరుగుతుంది. అలా తోసినా విరక్కుండా, సరిగ్గా ఒక హద్దు దగ్గర దారి ఇచ్చేలా చేసిన రకం కూడా ఉందట, దాని పేరు జీనర్. వోల్టేజీ ఆ హద్దు దాటకుండా కాపలా కాయడానికి దాన్ని వాడతారు.

సెక్యూరిటీ అతను రెండుసార్లు వచ్చి ఏ రైలుకని అడిగాడు. మూడోసారి, పక్కకు జరగమన్నాడు. ఈయన పక్కకు జరిగారే గానీ చూపు మాత్రం గేటు మీది నుంచి జరగలేదు.

"గేటుకు మోటరుంది మేడం, దానెనుక కంప్యూటరుంది, గా కాపలాయన ఉన్నడు. గీ డయోడుల ఎవ్వరు లేరు. కదిలేటి రెక్క సుత లేదు. మరి ఎవలు ఆపుతున్నరు?" అని నన్నే అడిగారు, నాకేదో తెలిసినట్టు.

తర్వాత ఆయనే చెప్పారు. లోపల ఉన్నది రెండు రకాల సిలికాన్. ఒకదాంట్లో ఎలక్ట్రాన్లు కాస్త ఎక్కువ, ఇంకోదాంట్లో వాటికి ఖాళీలు ఎక్కువ. రెండూ కలిసిన చోట అటు ఎలక్ట్రాన్లు, ఇటు ఖాళీలు సర్దుకుని, మధ్యలో ఎవరూ లేని సన్నటి పట్టీ మిగులుతుంది. సరైన వైపు నుంచి తోస్తే ఆ పట్టీ ఇరుకై దారి ఇస్తుంది. ఎదురు నుంచి తోస్తే ఇంకా వెడల్పవుతుంది. తోసినకొద్దీ దూరం పెరగడం ఆయనకు ముప్ఫై ఏళ్లుగా తెలిసిన సంగతే. అయినా చెబుతున్నప్పుడు ఆ క్షణమే ఎవరో తనకు చెప్పినట్టు కళ్లు పెద్దవి చేశారు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి పాఠం ఒక్క ఊపులో రాసేశాను.

రోడ్డు మీద నడిచినా ఆయనకు అదే లోకం. ఒకసారి పంజాగుట్ట చౌరస్తా దగ్గర, డయోడ్ లేని వస్తువొకటి చూపించమని నాతో పందెం వేశారు. ట్రాఫిక్ సిగ్నల్ వెలుగే డయోడ్ అని నాకప్పటికే తెలుసు గనుక దాని జోలికి పోలేదు. నిమ్మసోడా బండి చూపించాను. బండికి వేలాడుతున్న బల్బు చూపించారు. అందులో వెలిగేవీ డయోడ్లే, ఇంటి కరెంటు అటూఇటూ ఊగుతూ వస్తుంది కనుక దాన్ని ఒకే దారిలో పెట్టడానికి లోపల ఇంకో నాలుగున్నాయి. ఫోన్ చార్జర్‌లోనూ అలాంటి నాలుగే. చివరికి ఒకామె పూలబుట్ట చూపించాను. చుట్టూ తిరిగి చూశారు, కిందకు వంగి చూశారు. ఓడిపోయానని ఒప్పుకుని మూర మల్లెపూలు కొని నా చేతిలో పెట్టారు. పూలామె మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసింది.

ఆయనలో నాకు అన్నిటికంటే వింతగా తోచింది తప్పు జవాబు పట్ల ఆయనకున్న ప్రేమ. క్లాసులో ఎవరైనా సరైన జవాబు చెబితే "సరే" అని ముందుకు పోయేవారు, కాస్త విసుగ్గా కూడా. తప్పు చెబితే కుర్చీ లాక్కుని ఆ పిల్లాడి ఎదురుగా కూర్చునేవారు. "ఎందుకట్ల అనుకున్నవు?" అని మెల్లగా అడిగేవారు. అది మందలింపు అనుకుని కొత్తవాళ్లు బిక్కచచ్చిపోయేవారు. నిజానికి ఆయనకు తెలుసుకోవాలని ఉండేది, అంతే. సరైన జవాబు అందరికీ ఒకటేననీ, తప్పు మాత్రం ఎవరి తల వాళ్లు వాడి చేస్తారనీ నాతో అన్నారు.

పుస్తకం అచ్చుకు వెళ్లేముందు ప్రతి పేజీ ఆయన చదివి, కింద సంతకం పెట్టి ఇచ్చారు. చుట్టాల పెళ్లని నిజామాబాద్ వెళ్లారు. ఆ మధ్యాహ్నం నేను ఆఖరిసారి తిరగేస్తున్నాను. నాలుగో పాఠంలో, డయోడ్ గీత ఉన్న కొస మైనస్ వైపు ఉండాలని ఉంది. పదకొండో పాఠంలో, రిలే అనే కరెంటు స్విచ్చులోని తీగచుట్ట, అంటే కాయిల్, రెండు కొసల మధ్య పెట్టే డయోడ్‌కు గీత ప్లస్ వైపు ఉండాలని ఉంది. ఒకచోట మైనస్, ఇంకోచోట ప్లస్. నా కళ్లు మెరిశాయి. రెండుచోట్ల రెండు రకాలుగా ఉన్న మాటను పట్టుకోవడమే నా వృత్తి. సార్‌కు ఫోన్ చేశాను, పెళ్లి మేళాల్లో ఎత్తలేదు. సార్ ఎంత జాగ్రత్తపరుడైనా ఒకటి జారవిడిచారులే అనుకుని, పదకొండో పాఠంలో ప్లస్‌ను మైనస్‌గా మార్చి ప్రెస్సుకు పంపేశాను. ఆ పూట నా మీద నాకే ముచ్చటేసింది. తర్వాత ఇంకో పని మీద పడి, ఆ మార్పు సంగతి సార్‌తో చెప్పడమే మరిచిపోయాను.

మమత ఆ పుస్తకంతో చదువుకున్న బ్యాచ్‌లో ఉన్న ఒకే ఒక్క అమ్మాయి. వనపర్తి నుంచి వచ్చి ఎల్లారెడ్డిగూడ హాస్టల్లో ఉండేది. కోర్సు కాగానే పంజాగుట్టలో, షోరూముల షట్టర్లకు కంట్రోల్ బోర్డులు బాగుచేసే దుకాణంలో పరీక్షగా మూడు నెలలకు పెట్టుకున్నారు. రెండో నెలలో ఒకరోజు నేను తర్వాతి కోర్సు పేజీలివ్వడానికి సార్ గదికి వెళ్లినప్పుడు, ఆ పిల్ల పుస్తకం గుండెకు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. బాగుచేయమని ఇచ్చిన బోర్డు తన చేతుల్లో కాలిపోయిందట. సోమవారం నుంచి రావద్దన్నాడట యజమాని.

సార్ తిట్టలేదు, ఓదార్చలేదు. ఏం చేశావో మొదటి నుంచి చెప్పమన్నారు. రిలే పక్కన డయోడ్ మాడిపోయి ఉంది, గీత ఎటుందో కనపడలేదు. బోర్డు మీది గుర్తులూ మసిబారిపోయాయి. అందుకని పుస్తకం తెరిచి చూసింది. బొమ్మలో గీత ప్లస్ వైపు ఉంది, వాక్యంలో మైనస్ అని ఉంది.

"బొమ్మ తప్పు పడ్డదేమో అనుకున్న సార్. అచ్చుల రాసింది తప్పుండదు గద" అంది మమత.

బొమ్మ సార్ చేత్తో గీసింది. వాక్యం నాది.

ముగ్గురం మెట్రోలో ఒక స్టేషన్ దూరం వెళ్లాం. దుకాణంలో సార్ పుస్తకం తెరిచి ఆ వాక్యం రెండుసార్లు చదివారు. తర్వాత యజమాని వైపు తిరిగి, "తప్పు నాది. సంతకం వెట్టేటప్పుడు చూస్కోలే. పిల్ల పుస్తకంల ఉన్నట్టే చేసింది" అన్నారు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. ఆ మాట నేను అనలేదు.

ఆయన అక్కడి బెంచీ మీదే కూర్చుని రిలేకు కరెంటు ఇచ్చే కాలిన ట్రాన్సిస్టర్‌ను తీసి కొత్తది వేశారు. కొత్త డయోడ్‌ను రెండు వైపులా మీటరుతో చూశారు. చేతులు పని చేస్తుండగానే మమతకు చెబుతున్నారు. కాయిల్‌లో పోతున్న కరెంటును చటుక్కున ఆపితే అది ఊరుకోదు, ఎదురు తిరిగి ఒక్క దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బ ట్రాన్సిస్టర్‌కు తగలకుండా చుట్టూ తిరిగి చల్లారడానికి ఈ డయోడ్ దారి ఇస్తుంది. మామూలుగా రిలే పనిచేస్తున్నంతసేపూ అది మూసుకునే ఉండాలి, అందుకే గీత ప్లస్ వైపు. అటుది ఇటు పెడితే తీగతో తీగ కలిపినట్టే, క్షణంలో కాలుతుంది. కరెంటు ఇచ్చారు. రిలే టక్కుమంది. మమత అప్పటికి ఊపిరి వదిలింది.

యజమాని అమ్మాయిని ఉండనిచ్చాడు. కానీ ఇకమీదట మీ దగ్గర నేర్చుకున్నవాళ్లను తీసుకోనని సార్ మొహం మీదే చెప్పాడు. పుస్తకమే తప్పయితే పాఠం సంగతేమిటని అడిగాడు. ప్రతి బ్యాచ్ నుంచి ఇద్దరికి దొరికే చోటది. సార్ తల ఊపి, మీటరు సంచీలో పెట్టుకున్నారు.

మర్నాటి నుంచి ఎర్ర పెన్ను పట్టుకుని పుస్తకాల వేట మొదలుపెట్టారు. ఎవరి దగ్గర కాపీ ఉందో జాబితా రాసుకుని, హాస్టళ్లకూ దుకాణాలకూ స్వయంగా వెళ్లారు. ఫోన్లో చెబితే దిద్దుకుంటారులే అని నేనంటే, దిద్దుకోనివాడి బోర్డే కాలుతుందన్నారు. ప్రతి కాపీలో మైనస్ కొట్టేసి ప్లస్ రాసి, పక్కన 'తప్పు నాది' అని సంతకం పెట్టేవారు. మొట్టమొదట దిద్దింది మమత కాపీనే. నేను జాబితా పట్టుకుని వెంట తిరిగాను. రెండు రోజులు ఆ సంతకాలు చూస్తూ తిరిగాను. మూడో సాయంత్రం ఎల్లారెడ్డిగూడలో ఒక హాస్టల్ మెట్ల మీద, ఆ వాక్యం మీది కాదు సార్, నేను మార్చాను అని చెప్పేశాను.

ఆయన పెన్నుకు మూత పెట్టి మెట్టు మీద కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు.

"ఎందుకట్ల అనుకున్నరు మేడం?" అని అడిగారు.

నాలుగో పాఠంలో మైనస్ అని ఉంది, ఇక్కడ ప్లస్ అని ఉంది, రెండూ ఒకటి కావాలి కదా అనుకున్నానని చెప్పాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. మెట్రో గేటు దగ్గర చూసిన కళ్లే. నాలుగో పాఠంలో కరెంటు నడవాలి కనుక మైనస్, ఇక్కడ నడవకూడదు కనుక ప్లస్ అని వేళ్ల మీద లెక్కేసుకున్నారు.

"గీత మైనస్, గీత మైనస్ అని ఇన్నేండ్లసంది చెప్తున్న. నడవాల్నంటే అని ఒక్క ముక్క ముందల కలపలే. పోరలు ఏడ తప్పుతున్నరో ఇయ్యాల ఎరుకైంది" అన్నారు. నిజంగానే సంతోషపడ్డారు. నాకు ఏడుపొచ్చింది.

మిగిలిన కాపీల్లో మీరే సంతకం పెట్టండని పెన్ను నా చేతికిచ్చారు. అప్పటికే తను పెట్టినవి అలాగే ఉండనీయమన్నారు. తర్వాత నిదానంగా, "గా దుకాణపాయనతోని నేను మాట్లాడుకుంట. మమతకు మాత్రం మీరే చెప్పున్రి. బోర్డు కాలింది ఆమె చేతుల" అన్నారు. తప్పకుండా చెబుతానన్నాను.

చెప్పలేదు. మొదట, వారంలో చెబుదాం అనుకున్నాను. తర్వాత ఆ పిల్ల ఎదురైనప్పుడల్లా "మేడం రాసిన పుస్తకం" అని తోటివాళ్లకు నన్ను చూపించేది, నేను నవ్వేదాన్ని. దుకాణం యజమాని రెండేళ్లకు మెత్తబడి మళ్లీ పిల్లల్ని తీసుకున్నాడు గానీ, సార్ ఏం చెప్పారో నేనడగలేదు. సార్ మాత్రం కలిసినప్పుడల్లా, మమతకు చెప్పారా అని అడిగేవారు. లేదని నేనంటే, సరేనని ఊరుకునేవారు. కొన్నాళ్లకు అడగడం మానేశారు. అడిగినప్పటి కంటే మానేశాకే నాకు ఎక్కువ సిగ్గేసింది. అయినా చెప్పలేదు. దిద్దేదాన్ని దిద్దించుకోవడం నాకు అంత కష్టమైంది.

ఆదివారం, రాయలేకపోయిన ఆ వాక్యాల ఖాళీ కాగితంతోనే నాలుగంతస్తులూ ఎక్కేసరికి గది నిండిపోయి ఉంది. మమత ఇప్పుడు ఎర్రమంజిల్‌లో సొంతంగా దుకాణం నడుపుతోంది. తన దగ్గర పనిచేసే ఆరుగురినీ వెంట తెచ్చింది. ఒక్కొక్కరూ లేచి సార్ గురించి చెప్పారు. మమత వంతు వచ్చినప్పుడు సంచీలోంచి అట్ట వేసిన పుస్తకం తీసింది. పదకొండో పాఠం తెరిచి తన వాళ్లకు చూపించింది.

"చూడున్రి. అంత పెద్ద సార్ సుత తప్పు చేసిండు. చేసి దాచుకోలే, సంతకం వెట్టి ఒప్పుకున్నడు. కొత్తోళ్లు వచ్చినప్పుడల్లా ఇదే సూపెడ్త" అంది. అందరూ తలలు ఊపారు. ఆ పిల్లల్లో ఒకడు ఆ పేజీ ఫొటో తీసుకోబోయాడు.

నేను లేచాను. ఆ తప్పు సార్‌ది కాదన్నాను. సార్ సరిగ్గానే రాసిచ్చారు, ఆయన ఊళ్లో లేనప్పుడు నేను మార్చాను, నీ బోర్డు కాలింది నా వాక్యం వల్ల, ఆ రోజు దుకాణంలో నీ పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను అని మమతకు చెప్పాను. నీకు చెప్పమని సార్ ఎన్నోసార్లు అడిగారని కూడా చెప్పాను.

మమత నా వైపు చూడలేదు. పేజీలో బొమ్మ మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"నా బోర్డు సంగతి ఇడిసిపెట్టున్రి మేడం" అంది చివరికి. "ఇన్నేండ్లు నేను అందరికి సార్ తప్పు చేసిండని చెప్పుకుంట తిరిగిన."

క్షమించమని అడగడానికి మొహం చెల్లలేదు. పెన్ను తీసి, పుస్తకం ఇలా ఇవ్వమన్నాను. మమత పుస్తకాన్ని వెంటనే ఇవ్వలేదు. ఆ సంతకాన్ని చూసుకుని, "సార్ రాసింది కొట్టెయ్యకున్రి. కింద రాయున్రి" అని నా ముందుకు జరిపింది. సార్ సంతకం కింద, తప్పు ఆయనది కాదు, నాది అని రాసి పూర్తి పేరు పెట్టాను.

మమత అది ఒకసారి చదువుకుంది. కళ్లు తుడుచుకుని, పుస్తకాన్ని మళ్లీ ఆ ఆరుగురి వైపు తిప్పి పట్టుకుంది.

"ఇందాక నేను చెప్పింది తప్పు" అంది. "మళ్ల మొదటి నుంచి చెప్త, వినున్రి."